జపాన్‌లో క్రైస్తవ సేవ చేసే కుటుంబం డిసెంబర్, జనవరి సెలవుల్ని ఎలా గడపాలి

జపాన్‌లో డిసెంబర్ 25 సెలవు రోజు కాదు. బ్యాంకులు తెరిచే ఉంటాయి, ఆఫీసులు నడుస్తాయి. ఆ రోజు వారం మధ్యలో వచ్చిందంటే మీ సంఘంలోని విశ్వాసులు కూడా పొద్దున్నే ట్రైన్ ఎక్కి పనికి వెళ్లిపోతారు. 2018 వరకు అప్పటి చక్రవర్తి అకిహితో పుట్టినరోజని డిసెంబర్ 23న సెలవు ఉండేది. 2019లో ఆయన సింహాసనం దిగాక అదీ పోయింది.

నెలంతా సెమీ క్రిస్మస్‌లతో హడావుడిగా ఉండే ఊళ్ల నుంచి వచ్చిన తెలుగు కుటుంబానికి ఇది మొదట్లో చాలా వెలితిగా ఉంటుంది. ఆ వెలితి పూడ్చుకోవడానికి కూడిక మీద కూడిక పెట్టుకుని, 25 సాయంత్రానికి అమ్మానాన్నలు మంచం పడతారు, పిల్లలు ముఖాలు ముడుచుకుంటారు. సరిగ్గా అప్పుడే జపాన్‌లో అసలు పండుగ మొదలవుతుంది. ఇక్కడ కుటుంబమంతా ఒకచోట చేరేది కొత్త సంవత్సరానికి. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎక్కువగా ప్రేమజంటలది, పిల్లలున్న ఇళ్లలో అయితే స్ట్రాబెర్రీ కేకు, వేయించిన చికెన్. 26 పొద్దున చూస్తే షాపుల్లో క్రిస్మస్ చెట్టు ఉండదు, దాని చోట కొత్త సంవత్సరపు వెదురు, పైన్ కొమ్మల అలంకారం ఉంటుంది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఇది: మీ బలంలో సగం 26 తర్వాతి రోజులకు అట్టిపెట్టుకోండి. ఒంటరితనం జనాన్ని ఎక్కువగా బాధపెట్టేది అప్పుడే. మీ ఇల్లు తెరిచి ఉండాల్సిందీ అప్పుడే. ఇక్కడ చెప్పే పనులన్నీ ఆ ప్రకారమే పెట్టాను.

1. నవంబర్ చివర్లో క్యాలెండర్ ముందు కూర్చోండి

భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చోండి. ముందు పిల్లల స్కూలు తేదీలు రాయండి. చాలా ఊళ్లలో చలికాలం సెలవులు డిసెంబర్ 25 అటూ ఇటూ మొదలై జనవరి 7 ప్రాంతంలో ముగుస్తాయి. ఉత్తరాన చలి ఎక్కువుండే హొక్కైదో దీవిలో ఇంకా ఎక్కువ రోజులు ఉంటాయి. తర్వాత సంఘం తేదీలు రాయండి. జపాన్ ప్రొటెస్టెంట్ సంఘాలు చాలావరకు క్రిస్మస్ ఆరాధనను 25కి ముందు వచ్చే ఆదివారం జరుపుకుంటాయి. ఆరాధన అయ్యాక కలిసి భోజనం చేస్తారు. 24 సాయంత్రం క్యాండిల్ సర్వీస్. చర్చి గడప ఎప్పుడూ తొక్కని ఇరుగుపొరుగు వాళ్లు వచ్చేది ఆ సాయంత్రమే.

ఇవి రాశాక, ఎవరు అడిగినా ఇవ్వని ఒక సాయంత్రాన్ని మీ పిల్లల కోసం గుర్తు పెట్టుకోండి. మా ఇంట్లో అది 23 రాత్రి. ఆ రాత్రి ఫోన్ తీయం, అతిథులు ఉండరు. పిల్లలు అడిగిన వంటే చేస్తాం, కథ చెప్పుకుంటాం. చెప్పడానికి ఈ దేశంలోనే మంచి కథలున్నాయి. 1552లో యమగుచి పట్టణంలో కాస్మె ద తోర్రెస్ అనే మిషనరీ, అక్కడి విశ్వాసులు కలిసి క్రిస్మస్ ఆరాధన చేశారు. జపాన్‌లో తెలిసిన తొలి క్రిస్మస్ అదేనంటారు. తర్వాత క్రైస్తవం మీద నిషేధం వచ్చింది. నాగసాకి చుట్టుపక్కల పల్లెల్లో గురువులు లేకుండా, గ్రంథాలు లేకుండా రెండు వందల ఏళ్లకు పైగా రహస్యంగా విశ్వాసం కాపాడుకున్న కుటుంబాలున్నాయి. 1865 మార్చిలో నాగసాకిలోని ఔరా చర్చికి వచ్చి అక్కడి ఫ్రెంచి గురువుకు తమ సంగతి చెప్పుకున్నది వాళ్ల వారసులే. తన క్లాసులో తనొక్కడే క్రైస్తవుడని దిగులుపడే పిల్లవాడికి ఈ కథ ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను.

పిల్లల గురించే ఇంకో మాట. సేవకుల పిల్లలు కాబట్టి ప్రతి కూడికలో పాట పాడాలి, వాక్యం అప్పజెప్పాలి అనుకోకండి. ముందుగా అడగండి, వద్దంటే వదిలేయండి. పిల్లల మీద మతపరమైన ఒత్తిడి గురించి జపాన్ ఆరోగ్య, కార్మిక, సంక్షేమ శాఖ 2022 డిసెంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం సంగతి అటుంచి, బలవంతంగా స్టేజీ ఎక్కిన పిల్లలకు క్రిస్మస్ అంటేనే విసుగు పుడుతుంది.

2. కరపత్రం జాగ్రత్తగా రాయండి

డిసెంబర్ మొదటి వారంలో ఇంటింటి మెయిల్‌బాక్సుల్లో కరపత్రాలు వేయడం ఇక్కడి సంఘాలకు అలవాటే. కానీ మతం అనగానే జాగ్రత్తపడే జనం ఇది. 1995లో ఓమ్ షిన్రిక్యో అనే మత ముఠా వాళ్లు టోక్యో సబ్‌వేలో విషవాయువు వదిలారు. 2022లో మాజీ ప్రధాని షింజో అబే హత్య జరిగాక యూనిఫికేషన్ చర్చి అనే మతసంస్థ తన సభ్యుల దగ్గర పెద్ద మొత్తాలు వసూలు చేసిన గొడవ బయటికొచ్చింది. అందుకని మీ సంఘం ఏ డినామినేషన్‌కు చెందిందో, బాధ్యులెవరో స్పష్టంగా రాయండి. ఎన్నింటికి మొదలవుతుందో రాసినట్టే ఎన్నింటికి ముగుస్తుందో కూడా రాయాలి. ప్రవేశానికి డబ్బులు లేవని, చందా పడితే అది ఇష్టమున్నవాళ్లకేనని, కారు పెట్టుకునే చోటుందో లేదో కూడా ఉంటే మంచిది. కొత్తవాళ్ల టెన్షన్ సగం వీటి గురించే. కరపత్రాలు వద్దని స్టిక్కర్ ఉన్న బాక్సులో వేయొద్దు. పక్కింటి పిల్లల్ని పిలవాలంటే ముందు వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడండి.

మన దగ్గర 24 రాత్రి డప్పులతో, గిటార్లతో ఇంటింటికీ తిరిగి పాడినట్టు ఇక్కడ కుదరదు. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, పెందలాడే పడుకునేవాళ్లుంటారు. వృద్ధాశ్రమానికో ఆసుపత్రికో ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకుని సాయంత్రం వేళ పాడండి. స్కూల్లో నేర్చుకున్న క్రిస్మస్ పాటలు చాలామంది జపాన్ పెద్దలకు వచ్చు, మీతో గొంతు కలుపుతారు.

కేకులు, కజ్జికాయలు, లడ్డూలు పంచాలనుకుంటే ఒక్కొక్కటీ విడిగా ప్యాక్ చేసి, లోపల ఏముందో జపనీస్‌లో చీటీ పెట్టండి. గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ, అక్రోటు, జీడిపప్పు ఉంటే తప్పకుండా రాయాలి. ఎలర్జీల విషయంలో ఇక్కడివాళ్లు చాలా పట్టింపుగా ఉంటారు.

3. ఇల్లు, చర్చి వెచ్చగా ఉండేలా చూసుకోండి

హొక్కైదో ఇళ్లు లోపల బాగా వెచ్చగా ఉంటాయి. టోక్యో, ఒసాకా, క్యూషూల్లోని పాత ఇళ్లే వణికిస్తాయి. ఒక్క గదిలో హీటర్ ఉంటుంది, నడవా, బాత్‌రూమ్ మంచుగడ్డలా ఉంటాయి. కింద హీటర్ ఉండి, పైన దుప్పటి కప్పిన కోతత్సు బల్ల ఒకటి కొనుక్కుంటే పిల్లల హోంవర్కు, కుటుంబ ప్రార్థన, భోజనం అన్నీ దాని చుట్టూనే జరిగిపోతాయి.

కిరోసిన్ హీటర్ వాడితే 18 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాతో పెట్రోల్ బంకుకు వెళ్లి నింపించుకోవాలి. నిరుడు మిగిలిన కిరోసిన్ పోయకండి, హీటర్ పాడవుతుంది. గంటకు ఒకటి రెండుసార్లు కిటికీ తీసి గాలి మార్చండి, పడుకునే ముందు తప్పకుండా ఆర్పేయండి. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే ప్రాణం పోతుంది. చర్చి చిన్న గది అయితే జనంతో నిండిన క్యాండిల్ సర్వీస్‌లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. కిటికీ చూసుకునే బాధ్యత ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. నాగానో, తొహోకు లాంటి నీళ్లు గడ్డకట్టే చలి ఉన్న చోట్ల కొన్ని రోజులు ఇల్లు వదిలి వెళ్తుంటే పైపుల్లో నీళ్లు ఖాళీ చేసి వెళ్లాలి. ఎలాగో ఇంటి ఓనర్‌నే అడిగి చూపించమనండి.

4. కొత్త సంవత్సరం కార్డులు 25 లోపు పోస్ట్ చేయండి

నెంగాజో అనే ఈ కార్డులు పంపేవాళ్లు ఏడాదికేడాది తగ్గుతున్నారు. అయినా పెద్దవయసు వాళ్లు జనవరి 1 పొద్దున వాటి కోసం ఎదురుచూస్తారు. పోస్టాఫీసు డిసెంబర్ 15 నుంచి తీసుకుంటుంది. 25 లోపు వేస్తే జనవరి 1న చేరుతుంది. 2024 అక్టోబర్ నుంచి కార్డు ధర 85 యెన్‌లు. కుటుంబం ఫోటో వేయించడం ఇక్కడ మామూలే. కింద ఒక చిన్న వాక్యం, ఆ ఇంటివాళ్ల కోసమే చేత్తో రాసిన ఒక వరుస ఉండాలి. అచ్చు వేసిన మాటలు మాత్రమే ఉన్న కార్డును ఎవరూ రెండోసారి చూడరు.

ఇందులో ఒక పెద్ద జాగ్రత్త ఉంది. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా చనిపోతే, నవంబర్‌లోనో డిసెంబర్ మొదట్లోనో ఆ కుటుంబం నుంచి మోచూ కార్డు వస్తుంది. మేము దుఃఖంలో ఉన్నాం, కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పుకోలేం అని దాని అర్థం. వాళ్లకు నెంగాజో పంపకండి. ఆ పేర్లు విడిగా రాసి పెట్టుకోండి. నిజానికి ఆ చలికాలంలో మీరు అందరికంటే ఎక్కువ గుర్తుంచుకోవాల్సిన ఇళ్లు అవే.

5. 24, 25 తేదీలు

చికెన్, కేకు బయట నుంచి తెచ్చుకోవాలంటే ముందే ఆర్డర్ ఇవ్వాలి, ఆ రోజు వెళ్తే క్యూలోనే సాయంత్రం అయిపోతుంది. 24న సర్వీస్ గంటకు మించకుండా చూడండి. మర్నాడు పనికి వెళ్లేవాళ్లే ఎక్కువ. ప్రసంగం చిన్నదిగా, చర్చి భాష తెలియని మనిషికి అర్థమయ్యేలా ఉంటే చాలు. తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు వంగి నమస్కరించి పంపించండి. చిరునామా రాయమని వెంటపడొద్దు, ఇష్టముంటే రాయడానికి ఒక చిన్న కార్డు సీటు మీద పెట్టండి.

25న ఊళ్లో ఉన్న అమ్మమ్మ తాతయ్యలతో మాట్లాడాలని పిల్లలు ఆరాటపడతారు. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. వాళ్లు చర్చి నుంచి ఇంటికొచ్చి భోజనానికి కూర్చునే మధ్యాహ్నం ఒంటిగంట, ఇక్కడ సాయంత్రం నాలుగున్నర. ఆ సమయం ఖాళీగా ఉంచుకోండి.

6. 26 నుంచి 31 వరకు: మూసేవి మూసేలోపు

మున్సిపల్ ఆఫీసులు, ఇమిగ్రేషన్ ఆఫీసు డిసెంబర్ 29 నుంచి జనవరి 3 వరకు పనిచేయవు. బ్యాంకులు 31 నుంచి జనవరి 3 వరకు మూత. వీసా పొడిగింపు కాగితాలేమైనా ఉంటే 28 లోపు చూసుకోండి. సెలవులకు ఇండియా వెళ్తుంటే రెసిడెన్స్ కార్డు మరిచిపోవద్దు. బయలుదేరేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఇచ్చే కార్డు మీద తిరిగి వస్తానన్న గడిలో టిక్ పెట్టాలి, లేకపోతే ఉన్న వీసా పోతుంది. షింకాన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్) టికెట్లు ప్రయాణానికి నెల ముందు ఉదయం 10 గంటలకు తెరుస్తారు. టోక్యో, ఒసాకా మధ్య నడిచే నోజోమి ట్రైన్లలో ఈ రద్దీ రోజుల్లో రిజర్వేషన్ లేని సీట్లు అసలు ఉండవు.

కొత్త సంవత్సరానికి పిల్లలకు కవర్లో పెట్టి ఇచ్చే డబ్బు, అంటే ఒతోషిదామా కోసం కొత్త నోట్లు బ్యాంకులో ముందే తీసుకోండి, చిన్న కవర్లు వంద యెన్‌ల షాపులో దొరుకుతాయి. నాలుగు, తొమ్మిది అంకెలు వచ్చే మొత్తాలు ఇవ్వరు. పక్కింటావిడ మీ పిల్లలకు కవర్ ఇస్తే పిల్లలు రెండు చేతులతో తీసుకోవాలి, అక్కడే తెరిచి చూడకూడదు.

చెత్త బండి కూడా కొన్ని రోజులు రాదు, తేదీల కాగితం చూసి పెట్టుకోండి. సెలవుల్లో ఏ రోజు ఏ క్లినిక్ తెరిచి ఉంటుందో మున్సిపాలిటీ పత్రికలో వేస్తారు, అది కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించండి. రాత్రి పిల్లలకు జ్వరమొస్తే ఫోన్‌లో సలహాకు షార్ప్ 8000 (#8000), అంబులెన్స్‌కు 119.

ఎమర్జెన్సీ సంచి కూడా ఇదే వారంలో సర్దండి. 2024 జనవరి 1 సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు జపాన్ పశ్చిమ తీరంలోని నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. పండుగకని పిల్లాపాపలతో సొంతిళ్లకు చేరిన కుటుంబాలు ఆ చలిలో బయటపడాల్సి వచ్చింది. మంచినీళ్లు, టార్చి, మందులు, పాస్‌పోర్టుల కాపీలు, చేతులు వెచ్చబెట్టుకునే కైరో ప్యాకెట్లు, పిల్లల మందపాటి సాక్సులు అందులో ఉండాలి.

ఇంటింటా ఈ వారం పెద్ద దులపరింపు జరుగుతుంది. మీ వీధి సంఘం, అంటే చోనైకై, శుభ్రం చేసే రోజు పెడితే చీపురు పట్టుకుని కుటుంబమంతా వెళ్లండి. మోచి, అంటే జిగురు బియ్యపు ముద్ద, దంచే కార్యక్రమం ఉంటే అక్కడికీ వెళ్లండి. ఏడాదంతా తలుపు తీయని పొరుగువారు అక్కడ మీ అబ్బాయికి రోకలి అందిస్తారు. మోచి తినేటప్పుడు మాత్రం చిన్నపిల్లలకు, పెద్దలకు చిన్న ముక్కలు చేసి పెట్టండి. అది గొంతులో అడ్డుపడి ఏటా జనవరి మొదటి రోజుల్లో వృద్ధులు చనిపోతున్నారు.

7. జనవరి 1 నుంచి 3 వరకు

జపాన్ జనవరి 1ని సంవత్సరాదిగా పాటించడం 1873లో మొదలైంది. అదే ఏడాది ఫిబ్రవరిలో క్రైస్తవాన్ని నిషేధిస్తూ ఊరూరా పెట్టిన పలకలు తీసేశారు. ఈ మూడు రోజుల్లో జనం గుళ్లకు, షింటో ఆలయాలకు వెళ్తారు. దాన్ని హత్సుమోడే అంటారు. మీ పిల్లల స్నేహితులు వాళ్లనీ పిలుస్తారు. ఏం చెప్పాలో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. స్నేహితులతో కలిసి నడిచి, బయట అంగళ్లలో తినుబండారాలు కొనుక్కుని, మొక్కే చోట పక్కన నిలబడటానికి కొన్ని కుటుంబాలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. మీ మనస్సాక్షి ప్రకారం నిర్ణయించుకోండి. "మేము ప్రార్థన చర్చిలో చేసుకుంటాం, మధ్యాహ్నం ఆడుకోవడానికి వస్తాను" అని పిల్లవాడు నవ్వుతూ చెప్పగలిగితే చాలు. ఎదుటివాళ్ల ఆచారాన్ని మూఢనమ్మకమని ఇంట్లో కూడా అనకండి. మీ నోట విన్నదే పిల్లలు స్కూల్లో అంటారు. పొరుగువారు మోచి ఇస్తే అది ఏ దేవుడి ముందు పెట్టి తెచ్చారని ఆరా తీయాల్సిన పని లేదు, వడ్డించింది ఏమీ అడగకుండా తినమని 1 కొరింథీయులకు 10:27లో పౌలు చెప్పింది ఇలాంటి సందర్భానికే.

మీ కంటే మీ సంఘంలోని విశ్వాసులకు ఇవి కష్టమైన రోజులు. జపాన్ జనాభాలో క్రైస్తవులు ఒక శాతం దగ్గర్లోనే. చాలామంది తమ ఇంట్లో తామొక్కరే. అత్తగారింటికి వెళ్లిన కోడలు అక్కడ బుత్సుదాన్ (చనిపోయిన పెద్దల్ని తలుచుకునే ఇంటి బౌద్ధ పూజాపీఠం) ముందు అగరొత్తి వెలిగించనంటే, చనిపోయిన మామగారిని అవమానించిందనుకుంటారు. "వెలిగించకు" అని ఆజ్ఞ ఇచ్చి పంపడం తేలిక, ఆ గదిలో కూర్చోవాల్సింది ఆమె. డిసెంబర్‌లోనే ఆమెతో మాట్లాడండి. ముందుగా భర్తకు చెప్పి ఉంచమనండి. అందరూ మొక్కేటప్పుడు వెనకగా కూర్చుని తలవంచి ఆ పెద్దల జీవితం కోసం దేవునికి మౌనంగా కృతజ్ఞత చెప్పొచ్చని, వంటింట్లో అందరికంటే ముందు లేచి పనందుకుంటే ఆ గౌరవం అత్తగారికి అర్థమవుతుందని చెప్పండి. ఆ మూడు రోజులూ రాత్రి ఒక మెసేజ్ పెట్టినా జవాబిస్తామని మాటివ్వండి. ఆమె వేరేలా చేసి వచ్చినా మీ ఇంటి తలుపు అలాగే తెరిచి ఉండాలి.

జనవరి 1 ఉదయం చాలా సంఘాల్లో ఆరాధన ఉంటుంది. మన వాచ్ నైట్ సర్వీస్‌కు బదులు ఇదనుకోండి. మనం వాగ్దానం కార్డు తీసుకున్నట్టే ఇక్కడి సంఘాలు ఆ ఏడాదికి ఒక వాక్యం ఎంచుకుని గోడకు పెడతాయి. స్కూలు పిల్లలకు సెలవుల్లో కుంచెతో రాసే హోంవర్కు ఎలాగూ ఉంటుంది కాబట్టి, ఆ వాక్యాన్ని మీ పిల్లలచేత రాయించండి.

ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్లడానికి ఎవరూ లేనివాళ్లను మీ ఇంటికి పిలవండి. దూరదేశాల విద్యార్థులు, ఫ్యాక్టరీల్లో పనిచేసే వియత్నాం, ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు, పిల్లలు రాని ముసలమ్మ, టోక్యో అయితే నిషి కాసాయ్ వైపు ఉండే మన తెలుగు ఐటీ పిల్లలు. 1న చాలా సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి, 30లోపే సరుకులు తెచ్చుకోండి. జపాన్ వాళ్లు కొత్త సంవత్సరానికి చేసే ఓజోని అనే మోచి సూపు సంఘంలో పెద్దావిడను చేయమనండి, మీరు పప్పుచారు, కారం తగ్గించిన కోడికూర, అన్నం పెట్టండి. ఎన్నింటికి ముగుస్తుందో ముందే చెప్పండి. మధ్యాహ్నం మూడు దాటితే మీ పిల్లలకు మీరు కావాలి.

8. పొరుగువారి పలకరింపులు, జనవరి 7 తర్వాతి పనులు

పొరుగువారి ఇళ్లకు పలకరింపుకు వెళ్లాలంటే 1న వెళ్లకండి, అది వాళ్ల కుటుంబానికి వదిలేయండి. 2 నుంచి 7 లోపు చిన్న స్వీట్ల పెట్టెతో వెళ్లి గుమ్మం దగ్గరే మాట్లాడి వచ్చేయండి. స్కూలు తెరిచే ముందు రోజైనా పిల్లలతో బయటికి వెళ్లండి, ఆ రోజు సంఘం పని ఏదీ పెట్టుకోవద్దు.

తర్వాత విడిగా రాసి పెట్టుకున్న పేర్లు తీయండి. జనవరి 8 నుంచి ఫిబ్రవరి 3 దాకా, చలిలో ఎలా ఉన్నారని అడుగుతూ పంపే కార్డులను కన్‌చు మిమాయ్ అంటారు. మోచూ కార్డు పంపిన ఇళ్లకు ఇప్పుడు రాయండి. 24 రాత్రి క్యాండిల్ సర్వీస్‌కు మొదటిసారి వచ్చి చిరునామా ఇచ్చినవాళ్లకూ రాయండి. శుభాకాంక్షల మాటలు, అలంకారాలు వద్దు. ఆరోగ్యం ఎలా ఉందని రెండు వరుసలు రాసి, ఫిబ్రవరిలో సంఘంలో జరిగే మామూలు భోజనం తేదీ కింద వేస్తే చాలు.